పోరని పైసలు ఎవరివి? ఒక బాలనటుడి కేస్ స్టడీ

నల్లగొండ కోర్టులో నా చేతికి ఎక్కువగా వచ్చేవి భాగపంపకాలు, గెట్టు పంచాయితీలు, మైనర్ల ఆస్తి అమ్ముకోవడానికి అనుమతి అడిగే పిటిషన్లు. సినిమావాళ్ల కేసులు హైదరాబాద్ దాటి ఇటు రావడం తక్కువ. అయితే రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నది విజయవాడ హైవే మీద. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి వాళ్లు పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. అందుకే సీరియళ్లలో, సినిమాల్లో చేసే పిల్లలున్న ఇళ్లు ఈ దారి పొడవునా అక్కడక్కడ కనబడుతున్నాయి. అలాంటి ఒక ఇంటి ఫైలు ఇది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఈ ఫైలు తేల్చడానికి నాకు అక్కరకొచ్చింది మన తీర్పుల పుస్తకాల్లోని కేసు కాదు. మూకీ సినిమాల కాలం నాటి అమెరికా పిల్లవాడు జాకీ కూగన్ కేసు. ఆ కథ ఎక్కడ ఎందుకు వాడానో చెప్పాలంటే రెండూ కలిపే రాయాలి.

వచ్చిన పంచాయితీ

వచ్చింది తాత. పిల్లవాడి తల్లికి తండ్రి. యూరియా సంచి గుడ్డతో కుట్టిన చేతిసంచిలో కాగితాలు పట్టుకొచ్చాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుని నేరుగా అడిగాడు.

"సారూ, పోరడు సంపాయించిన పైసలు పోరనివా, అల్లునివా?"

పిల్లవాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఐదో ఏట ఒక అడ్వర్టైజ్‌మెంట్‌తో మొదలైంది. తర్వాత ఒక డైలీ సీరియల్‌లో హీరో చిన్నప్పటి పాత్ర, రెండు సినిమాల్లో చిన్న వేషాలు. తండ్రి డీసీఎం వ్యాన్ నడిపేవాడు. కొడుకును షూటింగులకు తిప్పాల్సి వచ్చి డ్యూటీ మానేశాడు. తల్లి ఇంట్లో మిషన్ కుట్టేది, అదీ మానేసింది. నాలుగేళ్లలో ఆ ఇంటికి వచ్చిన ఆదాయం దాదాపు అంతా పిల్లవాడిదే. ఆ డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ కారు తండ్రి పేరు మీద వచ్చింది. నార్కట్‌పల్లి వైపు 150 గజాల ప్లాటు తల్లి పేరు మీద వచ్చింది. బత్తాయి తోటలో వరసగా ఎండిపోయిన బోర్ల అప్పు తీరింది. పిల్లవాడి పేరు మీద మాత్రం ఒకే ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అదీ ఒక సినిమా కంపెనీ తనంతట తాను వేసింది.

తాతకు కావలసింది దావా. మైనర్ తరఫున నెక్స్ట్ ఫ్రెండ్‌గా తాను నిలబడతానని, అల్లుడి మీద కేసు వేయమని. చట్టం ప్రకారం అది కుదిరే పనే. మైనర్ నేరుగా దావా వేయలేడు, అతని మేలు కోరే పెద్దమనిషి ఎవరైనా అతని పేరున వేయవచ్చు. నేను వెంటనే ఒప్పుకోలేదు. ముందు కాగితాలు చూస్తానన్నాను.

నోట్‌బుక్

సంచిలో అన్నిటికంటే పనికొచ్చింది తల్లి రాసుకున్న రెండు వందల పేజీల నోట్‌బుక్. అడ్డగీతల బడి నోట్‌బుక్కే. ఒక పేజీ ఇలా ఉంది: "సీరియల్ 3 దినాలు – 12,000. పెట్రోల్ 1,400. టిఫిన్లు 300. తమ్మునికి 2,000. పన్ను డాక్టర్ 800." దాని కిందే పిల్లవాడు స్కెచ్ పెన్నుతో కెమెరా బొమ్మ గీశాడు. పేజీకొక చోట పొద్దున ఎన్నింటికి బయలుదేరారో, రాత్రి ఎన్నింటికి చేరారో కూడా రాసి ఉంది. కోర్టులో ఇంత శుభ్రమైన సాక్ష్యం నాకు చాలా తక్కువసార్లు దొరికింది. ఆమె దాన్ని సాక్ష్యమని రాయలేదు. మిషన్ కుట్టేటప్పుడు ఎవరి జాకెట్టు ఎంతకని రాసుకునే అలవాటు ఇక్కడా కొనసాగింది, అంతే.

"తమ్మునికి" అన్న మాట ప్రతి పేజీలో ఉంది. ఆ తమ్ముడు పిల్లవాడి మేనమామ, అంటే మా దగ్గరికి వచ్చిన పెద్దాయన సొంత కొడుకు. ఊళ్లో అందరూ అతన్ని "కోఆర్డినేటర్" అంటారు. ఒక్కోసారి ఆరో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు తీసుకున్నాడు. అల్లుడి కారు గురించి అంత చెప్పిన పెద్దాయన ఈ సంగతి ఎత్తనే లేదు. కుటుంబ కేసుల్లో ఇది మామూలే. ఫిర్యాదు చేసేవాళ్ల వైపు కూడా ఒక వేలు ఎప్పుడూ తిరిగి ఉంటుంది. ముందు దాన్ని కనిపెట్టిన తర్వాతే మిగతా పని.

"పన్ను డాక్టర్ 800" అంటే ఏమిటని తర్వాత తల్లిని అడిగాను. పిల్లవాడికి ముందు పాలపన్ను ఊడింది. సీరియల్‌లో ముందు రోజు తీసిన సగం సీన్‌లో పన్ను ఉంది. మిగతా సగంలో లేకపోతే ఎట్లా? అప్పటికప్పుడు ఒక డెంటిస్టు దగ్గర పెట్టుడు పన్ను చేయించారు. పిల్లవాడు దాన్ని జేబురుమాలులో చుట్టుకుని తిరిగేవాడు, షాట్‌కు ముందు పెట్టుకునేవాడు, అన్నం తినేటప్పుడు తీసేవాడు. ఈ వృత్తి గురించి ఆ పన్ను నాకు చాలా చెప్పింది. బాలనటుడు అమ్ముకునేది తన వయసు. ఆ సరుకు రోజూ తరుగుతుంది. పెద్దయ్యేకొద్దీ అనుభవం పెరిగి కూలి పెరిగే పని కాదిది. పెరిగేకొద్దీ పనే పోతుంది. ఇది మొదటి రోజే తెలిసిన సంగతి అయినా, ఏ ఇంట్లోనూ ఆ లెక్కతో డబ్బు దాచరు.

చట్టం ఏమంటుంది

బాల కార్మిక చట్టం 1986లో వచ్చింది, 2016లో పెద్దగా సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించకూడదన్నది అసలు నియమం. బడికి ఆటంకం కాకుండా, రక్షణ షరతులతో సినిమాల్లో, టీవీలో, ప్రకటనల్లో నటించడానికి మినహాయింపు ఉంది. ఆ షరతులు 2017 నాటి రూల్స్‌లో ఉన్నాయి. రోజుకు 5 గంటలకు మించి పని ఉండకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి చేయించకూడదు. నిర్మాత ముందే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పిల్లవాడి ఇష్టానికి విరుద్ధంగా చేయించకూడదు. ముఖ్యమైనది ఇది: వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లవాడి పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా నేరుగా వేయాలి, మేజర్ అయ్యాక అతనికి చేరాలి.

అనుమతి విషయంలో మన వాళ్లు పొరపడేది ఒకటుంది. పిల్లవాడిది నల్లగొండ జిల్లా కాబట్టి ఇక్కడి కలెక్టరేట్‌లో అడగాలనుకుంటారు. షూటింగ్ జరిగే జిల్లాలో అడగాలి. ఫిల్మ్ సిటీలో అయితే రంగారెడ్డి జిల్లా. అదీ నిర్మాత పని, తల్లిదండ్రులది కాదు. కాపీ చూపించమని అడిగే హక్కు మాత్రం తల్లిదండ్రులకు ఉంటుంది. ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే "వేరే బాబును చూసుకుంటాం" అంటారేమోనని భయం.

ఆదాయపు పన్ను వైపు ఇంకో చిక్కు బయటపడింది. డబ్బంతా తండ్రి ఖాతాలో పడింది, తండ్రి పాన్ మీద టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోశారు. మామూలుగా మైనర్ ఆదాయం తల్లి లేదా తండ్రి ఆదాయంలో కలుస్తుంది. కానీ పిల్లవాడు తన నైపుణ్యంతో, ప్రతిభతో సంపాదించింది అలా కలవదు, విడిగా అతని ఆదాయమే. ఆ డబ్బును డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం మళ్లీ తల్లిదండ్రుల లెక్కలోకి పోతుంది. మైనర్‌కు కూడా పాన్ ఇస్తారు, దాని మీద ఫోటో ఉండదు. నాలుగేళ్లుగా ఇది చేయించి ఉంటే ప్రభుత్వ రికార్డులోనే ఆ డబ్బు పిల్లవాడిదని రాసి ఉండేది. ఇప్పుడు ప్రభుత్వం దృష్టిలో డీసీఎం డ్రైవర్ యాక్టర్‌గా సంపాదించాడు!

కూగన్ కథ

దావా వేయాలని పట్టుబట్టిన తాతకు నేను రెండోసారి చెప్పింది కూగన్ కథ. వివరంగానే చెప్పాను. ఇక్కడా అలాగే రాస్తాను.

జాకీ కూగన్ 1914లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టాడు. తండ్రి స్టేజీ మీద ఆడిపాడే నటుడు. తండ్రితో పాటు స్టేజీ ఎక్కిన ఆ పిల్లవాడిని చార్లీ చాప్లిన్ చూశాడు. 1921లో విడుదలైన "ది కిడ్" సినిమాలో తల్లి వదిలేస్తే చాప్లిన్ పెంచుకునే పిల్లవాడు జాకీయే. ఆ సినిమాతో ప్రపంచమంతా తెలిసిపోయాడు. మరుసటి ఏడు ఆలివర్ ట్విస్ట్ వేషం వేశాడు. అతని బొమ్మతో ఆటబొమ్మలు, పీనట్ బటర్ డబ్బాలు అమ్మారు. 1924లో యుద్ధ బాధితులైన పిల్లల కోసం అతనితో యాత్ర చేయించి పెద్ద ఎత్తున విరాళాలు సేకరించారు. బాలనటుడిగా అతను సంపాదించింది 30 నుంచి 40 లక్షల డాలర్ల దాకా ఉంటుందని అంచనా. ఆ కాలపు డాలర్లు అవి.

జుట్టు ముఖం మీద పడుతూ, పెద్ద టోపీతో ఉండే ఆ రూపమే అతని ఆస్తి. పదేళ్లు దాటాక ఆ జుట్టు కత్తిరించాల్సి వచ్చింది. స్టూడియో దాన్ని కూడా ప్రచారంగా వాడుకుంది, క్షౌరమే కథగా 1927లో ఒక సినిమా వచ్చింది. ఆ తర్వాత వేషాలు పలచబడ్డాయి.

1935 మే నెలలో కారు ప్రమాదంలో తండ్రి చనిపోయాడు. ఆ కారులో ప్రాణాలతో బయటపడింది జాకీ ఒక్కడే. మరి కొన్ని నెలల్లో అతనికి 21 ఏళ్లు నిండుతాయి, డబ్బు చేతికొస్తుందని అనుకున్నాడు. కుటుంబం డబ్బు వ్యవహారాలు చూసిన ఆర్థర్ బెర్న్‌స్టైన్‌ను తల్లి పెళ్లి చేసుకుంది. డబ్బు అడిగితే ఇద్దరూ ఒకటే మాటన్నారు: 21 ఏళ్ల లోపు పిల్లవాడు సంపాదించిన ప్రతి డాలరూ తల్లిదండ్రులదే. అప్పటి కాలిఫోర్నియా చట్టం కూడా వాళ్ల వైపే ఉంది. 1938లో జాకీ తల్లి మీద, మారుతండ్రి మీద దావా వేశాడు. నగలు, కార్లు, ఫర్ కోట్లు పోగా మిగిలింది రెండున్నర లక్షల డాలర్లే. చివరికి అతనికి దక్కింది 1,26,000 డాలర్లు.

ఆ గొడవ చూసి దేశమంతా ఉలిక్కిపడింది. 1939లో కాలిఫోర్నియా బాలనటుల చట్టం తెచ్చింది. జనం దాన్ని కూగన్ చట్టం అనే పిలుస్తారు. కోర్టు ఆమోదించే కాంట్రాక్టుల్లో పిల్లవాడి ఆదాయంలో కొంత పక్కన పెట్టమని ఆదేశించే అధికారం వచ్చింది. కానీ కోర్టుకు పోని కాంట్రాక్టులకు అది అంటేది కాదు. ఆ తర్వాత షిర్లీ టెంపుల్ అనే పేరుమోసిన బాలనటి విషయంలో ఏమైందో చూడండి. 30 లక్షల డాలర్లు దాటి సంపాదించిన ఆమెకు పెళ్లయ్యాక లెక్క చూసుకుంటే ట్రస్టులో మిగిలింది 44,000 డాలర్లు. చట్టం వచ్చాక కూడా తండ్రి వేయాల్సిన సొమ్ము వేయలేదు, వేశాడా అని అడిగినవాళ్లూ లేరు. 2000లో ఆ చట్టాన్ని గట్టిగా మార్చారు. పిల్లవాడి సంపాదన పిల్లవాడి సొంత ఆస్తి అని రాశారు. 15 శాతం విడిగా ట్రస్టు ఖాతాలో పడాల్సిందేనన్నారు.

కూగన్ పెద్దయ్యాక రెండో ప్రపంచ యుద్ధంలో గ్లైడర్ పైలట్‌గా బర్మా వైపు పనిచేశాడు. 1964లో మొదలైన ఒక టీవీ కామెడీ సీరియల్‌లో బోడిగుండు అంకుల్‌గా మళ్లీ పేరొచ్చింది. ఆ తరం పిల్లలకు అతను ఒకప్పుడు ఆ జుట్టు పిల్లవాడని తెలియదు. 1984లో పోయాడు. అదే మూకీల కాలంలో బేబీ పెగ్గీ అనే పాప ఉండేది. ఏడాదిన్నర దాటగానే కెమెరా ముందుకొచ్చింది, లక్షల డాలర్లు తెచ్చింది. 1925లో తండ్రికీ నిర్మాతకూ చెడింది, ఏడేళ్లు నిండకుండానే ఆమె సినిమా జీవితం ఆగిపోయింది. డబ్బూ మిగల్లేదు. నూటొక్క ఏళ్లు బతికి 2020లో కన్నుమూసిన ఆమె, పెద్దయ్యాక కూగన్ జీవితం మీద పుస్తకం రాసింది. పిల్ల నటుల హక్కుల కోసం మాట్లాడింది.

పెద్దాయన అంతా విని "అయితే కేసేసినోనికి గూడ సగమే వచ్చిందన్నట్టు" అన్నాడు. నేను చెప్పదలచింది అదే. మిగిలిన దాంట్లోనే కోర్టు పంచగలదు. కారైపోయిన, బోరుబావిలో పోసిన డబ్బును ఏ జడ్జీ తిరిగి నోట్లుగా మార్చలేడు. పైగా దావా తేలేసరికి పిల్లవాడి వేషాల వయసు దాటిపోతుంది, తల్లిదండ్రుల మీద కేసేసినవాడన్న పేరు మాత్రం మిగులుతుంది.

మన సినిమాల్లో మొదటి పిల్లలు

మన దగ్గర ఈ పంచాయితీ ఎందుకు రాలేదని మా జూనియర్ అడిగాడు. వచ్చింది, కోర్టుకు రాలేదు. మొదటి పిల్ల నటులు ఎక్కువగా ఇంటి పిల్లలు. 1913లో ఫాల్కే తీసిన "రాజా హరిశ్చంద్ర"లో లోహితాస్యుడిగా చేసింది ఆయన కొడుకు భాలచంద్ర. "కాళియ మర్దన్"లో కృష్ణుడు ఆయన కూతురు మందాకిని. ఇంటి సినిమాలో ఇంటి పిల్లవాడికి జీతమేమిటి?

1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లో ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అనే చిన్న పిల్లవాడు. ఆ సినిమాకు నటులు ఎక్కువగా సురభి నాటకాల వైపు నుంచి వచ్చారు. సురభి వాళ్ల ఇళ్లలో కుటుంబమే కంపెనీ. ఊయలలో పిల్ల కూడా ఏదో నాటకంలో శిశువే. ఎవరి ఆదాయం ఎవరిదన్న లెక్క అక్కడ పుట్టదు. 1936లో సి. పుల్లయ్య కలకత్తాలో అందరూ పిల్లలతోనే "సతీ అనసూయ" తీశారు. అందులో అనసూయగా వేసిన కృష్ణవేణి తర్వాత హీరోయిన్ అయి, నిర్మాత అయి, 1949లో "మనదేశం" తీసి ఎన్టీఆర్‌ను తెరకు తెచ్చారు. 2025లో హైదరాబాద్‌లో పోయారు. పిల్ల వేషం నుంచి సొంతంగా చెక్కు రాసే స్థాయికి చేరిన వాళ్లు అరుదు. పిల్లవాడి లెక్క విడిగా చూడాలన్న ఊహ మన ఇండస్ట్రీలో ఆలస్యంగానే పుట్టింది.

పెద్దాయన మనసులో అసలు ఏముందో ఈ మాటలప్పుడే బయటపడింది. ఇంట్లో సొమ్ము అందరిదీ అనుకుంటారు కదా, మీకే ఎందుకు వేరే ఊహ వచ్చిందని అడిగాను. కాసేపు ఆగి చెప్పాడు.

"నేను పదేండ్లప్పుడు పటేల్ కాడ జీతమున్న సారూ. గొడ్లు కాసిన, పెండ తీసిన. ఏడాదికింతని వడ్లు. కొలిసే దినం మా అయ్య వచ్చి గోనె పట్టెటోడు. నా చేతిల ఒక్క గింజ పెట్టలే. ఆయినది గూడ తప్పు గాదు, ఇంట్ల ఆరుగురం. కని నాకు ఇప్పటికి యాదికున్నది."

తెలంగాణ పల్లెల్లో పిల్లలను ఏడాది జీతానికి పెట్టడం, ఆ జీతం తండ్రి కొలుచుకోవడం చూసిన తరం ఇంకా బతికే ఉంది. వాళ్లకు బాలనటుడి సమస్య కొత్తగా విప్పి చెప్పనక్కర్లేదు. సినిమా అనగానే నల్లగొండ జిల్లాలో ఎవరైనా కోదాడ దగ్గర గుడిబండ నుంచి వెళ్లిన నటుడు కాంతారావును తలుచుకుంటారు. నిర్మాతగా సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నాడని చెప్పుకుంటారు. పెద్దాయనా ఆ మాటే అన్నాడు. కానీ కాంతారావు పోగొట్టుకున్నది తన సొమ్ము, తెలిసి దిగిన పందెం. ఈ పిల్లవాడిని పందెం వేయమని ఎవరూ అడగలేదు.

తండ్రి మాట

తండ్రిని పిలిపించాను. గొడవకు సిద్ధపడి వచ్చాడు. మామ ముఖం చూడగానే "మామా, నేను తాగి తగలవెట్టిన్నా?" అన్నాడు. తాగలేదు. నోట్‌బుక్ అతని వైపే సాక్ష్యం చెప్పింది. డ్యూటీ మానేశాడు, రోజూ రెండు వందల కిలోమీటర్ల దాకా తిప్పాడు, రాత్రుళ్లు కారులోనే పడుకున్నాడు. ఆర్థర్ బెర్న్‌స్టైన్‌లాంటి వాడు కాదు ఇతను. ఇలాంటి ఇళ్లన్నిటిలో విలన్ కోసం వెతికితే కేసు తప్పుదారి పడుతుంది. తల్లిదండ్రులు ఇక్కడ జీతం లేని పనివాళ్లు. తమ కష్టానికి ఇంత అని బయటికి చెప్పి తీసుకోవడానికి సిగ్గు. "కొడుకు దగ్గర జీతమా!" అంటారు. ఆ సిగ్గు వల్లే లెక్క లేకుండా మొత్తం తీసుకుంటారు. చెప్పి తీసుకున్న పదివేలు పిల్లవాడికి నష్టం చేయవు. చెప్పకుండా వాడుకున్న దానికి హద్దు ఉండదు.

పిల్లవాడితో కాసేపు ఒంటరిగా మాట్లాడాను. నటించడం ఇష్టమే, క్లాప్ కొట్టే అన్న ఇంకా ఇష్టం. ఇష్టం లేనిది ఏడుపు సీన్లట. "అమ్మ పోయిందని చెప్పిన్రు సార్. అమ్మ వ్యాన్ కాడ ఉన్నదని నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది." చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నది నాకు గుర్తొచ్చింది. ఏడుపు సీన్‌లో జాకీ ఏడవకపోతే, నిజంగానే దిక్కులేనివాళ్లను పెట్టే ఇంటికి పంపేస్తారని తండ్రి బెదిరించాడు. పిల్లవాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. చాప్లిన్ ఓదార్చబోతే, నాన్న ఊరికే అంటున్నాడని తనకు తెలుసన్నాడు. ఈ పిల్లలు ఇద్దరికీ అబద్ధమని తెలుసు, ఇద్దరూ ఏడ్చారు. రూల్స్‌లో ఐదు గంటల లెక్క ఉంది, దీనికి లెక్క లేదు. తల్లికి ఒక్కటే చెప్పాను: ఏడుపు సీన్ ఉన్న రోజు పిల్లవాడికి కనబడే చోటే నిలబడు, పంపించేస్తే గొడవ చేయి.

కుదిరిన ఒప్పందం

కోర్టుకు పోకుండా నలుగురినీ కూర్చోబెట్టి రాతపూర్వకంగా ఒప్పందం చేయించాను. బోర్ల అప్పు ఇంటి ఖర్చుగా వదిలేశాం. అది తవ్వితే గొడవ తప్ప డబ్బు రాదు. కారు తండ్రి పేరునే ఉంచాం, దాని విలువ రాసి పెట్టాం. ప్లాటు విషయంలో ఎక్కువసేపు పట్టింది. తల్లి గిఫ్ట్ డీడ్ ద్వారా పిల్లవాడి పేరు మీద రాసింది. స్టాంప్ డ్యూటీ ఖర్చు వాళ్లకు ముందే చెప్పాను. ఒకసారి మైనర్ పేరు మీదికి పోయాక 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం కోర్టు అనుమతి లేకుండా తండ్రి కూడా అమ్మలేడు. నాకు వచ్చే పిటిషన్లలో చాలా వరకు ఈ తాళం తీయించుకోవడానికే. ఈసారి తాళం వేయించడానికి వాడాను. తండ్రి "రేపు అక్కరపడితే?" అని అడిగాడు. అక్కర నిజమైతే కోర్టు ఒప్పుకుంటుంది, ఊరికే అయితే ఒప్పుకోదు, అందుకే అన్నాను.

ముందు రాబోయే డబ్బుకు పిల్లవాడి పేరున పాన్, బ్యాంకు ఖాతా. వచ్చిన ప్రతి చెక్కులో సగం అదే రోజు డిపాజిట్‌కు పోవాలి, నెలాఖరుకు మిగిలింది కాదు. 20 శాతం చట్టం చెప్పిన కనీసం. ఆ వయసు సరుకు తొందరగా అయిపోతుంది కాబట్టి అది చాలా తక్కువని నా అభిప్రాయం. తల్లికి నెలకు ఇంత అని తోడుండే పనికి జీతం, తండ్రికి కిలోమీటరు లెక్కన డ్రైవింగ్ ఖర్చు. అన్నీ ఆ నోట్‌బుక్‌లోనే రాయాలి. నోట్‌బుక్ అనగానే పెద్దాయన తల దించుకున్నాడు. మేనమామకు పదో వంతు, అదీ అతను తెచ్చిన పనికే. సంతకం పెట్టేటప్పుడు మేనమామ చాలా గునిసాడు. ఒక కంపెనీ మీద 20 శాతం డిపాజిట్ ఎందుకు వేయలేదని నోటీసు పంపాం. బదులు రాలేదు, డబ్బు మాత్రం ఖాతాలో పడింది.

ఇప్పటి పరిస్థితి

ఒప్పందం అయిన ఆరు నెలలకు సీరియల్‌లో కథ ఒక్కసారిగా పదిహేనేళ్లు ముందుకు దూకింది. హీరో పెద్దవాడయ్యాడు, పిల్లవాడి పని ఒక ఎపిసోడ్‌లో అయిపోయింది. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్పారట. ఈ రంగంలో అది మామూలే, ఎవరినీ అనడానికి లేదు. ఆ తర్వాత ఒక అడ్వర్టైజ్‌మెంట్ తప్ప వేషం రాలేదు. తండ్రి కారును క్యాబ్‌గా తిప్పుతున్నాడు. తల్లి మళ్లీ మిషన్ ఎక్కింది. పిల్లవాడు ఆరో తరగతి, ఊరి బడిలోనే. లెక్కల్లో వెనకబడ్డాడు, ట్యూషన్ పెట్టించారు. ఆ ఫీజు డిపాజిట్‌లోంచి తీసుకోవచ్చా అని తండ్రి ఫోన్‌లో అడిగాడు. వద్దన్నాను, క్యాబ్ డబ్బులోంచి కట్టమన్నాను. అతను ఒప్పుకున్నాడు.

మేనమామ కమీషన్ పాత బాకీ మాత్రం తేలలేదు. తన వాటా ఇంకా రావాలని అతనంటాడు. అక్క తన నోట్‌బుక్ చూపిస్తుంది. పెద్దాయన ఈసారి ఎవరి వైపూ మాట్లాడడం లేదు. ఆ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది.